మూలన ఉన్నవాడి కాళ్లు చూడండి

సందేహం: మేము కొలంబస్ వచ్చి ఏడాదిన్నర అయింది. మా అబ్బాయికి పదేళ్లు. ఆగస్టులో బడి స్నేహితులతో కలిసి ఫుట్‌బాల్‌లో చేరాడు. సాకర్ కాదు, హెల్మెట్ పెట్టుకుని ఆడేది. తల్లిదండ్రుల్లో ఎవరైనా సాయానికి రావాలంటే నేను చేయెత్తాను. ఇప్పుడు కోచ్ నన్ను గీత పక్కన నిలబడి, అవతలి జట్టు అంచులను ఎలా కాస్తోందో చూసి చెప్పమంటున్నారు. దాన్నిబట్టి ఆయన ఏ ప్లే ఆడించాలో నిర్ణయిస్తారట. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలియదు. ఏం చూడాలి? ఏం చెప్పాలి?

జవాబు: మీ అంతట మీరే చేయెత్తారు, నయం. నా చేతిని మా ఆవిడ పట్టుకుని ఎత్తింది. అది జరిగి పదకొండేళ్లయింది, ఇదే ఒహాయోలో. మొదటి సీజనంతా నేను బంతినే చూస్తూ నిలబడ్డాను. గీత పక్కన ఉన్న నాన్నలందరూ అదే చేస్తారు. అందుకే కోచ్‌కు బంతిని చూడని మనిషి ఒకరు కావలసి వచ్చింది. ఆ ఒక్కరూ మీరే.

క్రికెట్ తప్ప తెలియదన్నారు. చిన్నప్పుడు చెడుగుడు ఆడలేదా? కూతకు వెళ్లేవాడు గీత దాటగానే మొదట చూసేది మధ్యలో గుంపుగా ఉన్నవాళ్లను కాదు, రెండు చివర్లలో ఉన్న ఇద్దరిని. మూలనున్నవాడు బరువు ఏ కాలి మీద వేశాడు, ముందుకు వంగాడా, వెనక్కి వాలాడా అని చూస్తాడు. కాలు పట్టేది వాడే కాబట్టి వాడి తొందరను బట్టే ఇవతలివాడి ఎత్తు ఉంటుంది. మీకు అప్పగించిన పని కూడా అదే. హెల్మెట్లు ఉంటాయి కాబట్టి ముఖాలు కనిపించవు, కాళ్లు కనిపిస్తాయి.

నియమాలు మీ అబ్బాయి చెబుతాడు. మనకు కావలసింది కొద్దిగా. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. మధ్యలో రెండు జట్ల బరువైన పిల్లలూ ఒకరిమీద ఒకరు పడుతుంటారు. అక్కడ గజం, రెండు గజాలు దొరకడమే గొప్ప. ఈ వయసులో బంతి విసరడం తక్కువ. చేతిలో అంత బలం ఉండదు, విసిరేదాకా ఎదుటివాళ్లను ఆపి ఉంచడం కూడా కష్టం. కాబట్టి పదేళ్ల పిల్లల మ్యాచ్ చాలావరకు ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: బంతి పట్టుకున్నవాడు మూల తిరగగలడా, లేడా? తిరిగితే ఇక చివరి గోల్ గీత దాకా అడ్డుండదు.

ఆ మూలను కాసేవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు. వరుస చివర ఉండేవాడు ఎండ్. వాడి వెనకో పక్కనో బయటి లైన్‌బ్యాకర్. ఇంకా బయట, విసిరిన బంతి అందుకోవడానికి నిలబడే మన రిసీవర్‌కు ఎదురుగా కార్నర్. అందరికంటే వెనక సేఫ్టీ. వీళ్లలో ఒకడికి ప్రత్యేకమైన కాపలా పని ఇస్తారు. కోచ్‌లు దాన్ని కంటైన్ అంటారు. తన బయటి భుజం దాటి ఎవరినీ పోనివ్వకపోవడమే వాడి ఉద్యోగం. పట్టుకోలేకపోయినా సరే, లోపలికి మళ్లిస్తే మిగతా పదిమంది చూసుకుంటారు. ఆ ఉద్యోగం ఎవరిదో కనిపెట్టడం మీ మొదటి పని. పిల్లల జట్లలో ఎక్కువగా ఎండ్‌కే ఇస్తారు. కొన్ని జట్లలో ఎండ్‌ను లోపలికి దూరనిచ్చి, లైన్‌బ్యాకర్‌నో కార్నర్‌నో బయట నిలబెడతారు. రెండు మూడు ప్రయత్నాలు చూస్తే తెలిసిపోతుంది: బంతి అటు వచ్చినప్పుడు ఎవడు లోపలికి రాకుండా బయటే ఉండిపోతాడో వాడే కాపలాదారు.

ఇక ఎండ్ సంగతి. నేను చూసినంతలో వీళ్లలో మూడు స్వభావాలున్నాయి. మొదటివాడు బంతి కదలగానే లోపలికి దూరేవాడు. గుంపు అక్కడుంది, గొడవ అక్కడుంది, వీడికి దూరంగా ఉండటం చేతకాదు. పైగా బంతి కదలకముందే, మన వరుస చివర ఉండే టైట్ ఎండ్‌కు లోపలి వైపు నిలబడి ఉంటాడు. వీడిని బయటి నుంచి ఇంకొంచెం లోపలికి నెట్టి, బంతిని బయటి నుంచి తీసుకుపోవచ్చు. కోచ్‌లు స్వీప్ అనేది అదే. రెండోవాడు నేరుగా మన వెనక భాగంలోకి మూడు నాలుగు గజాలు ఉరికేవాడు. చూడటానికి భయంగా ఉంటుంది, బంతిని మొదట చేతిలోకి తీసుకునే మన క్వార్టర్‌బ్యాక్‌కు నిజంగానే భయం వేస్తుంది. కానీ వాడికీ, వాళ్ల వరుసలో వాడికి లోపలి పక్కనుండే టాకిల్‌కూ మధ్య ఎడ్లబండి పట్టేంత సందు తెరుచుకుంటుంది. అప్పుడు బయటికి వెళ్లడం దండగ. మన వరుస మధ్యలోంచి గార్డ్ ఒకడు వచ్చి ఆ ఎండ్‌ను ఇంకా బయటికి నెడితే, బంతి ఆ సందులోంచి పోతుంది. మూడోవాడు ఉన్నచోటే మోకాళ్లు వంచి, చేతులు ముందుకు పెట్టి, ఒక అడుగు వేసి కాచుకుని ఉండేవాడు. వాడికి మంచి కోచ్ దొరికాడని అర్థం. వాడి వైపు వెళ్లవద్దనడమే మీరు చెప్పవలసిన కబురు. అలాంటి కబురు వింటే కొందరు కోచ్‌లకు చప్పగా అనిపిస్తుంది. అయినా చెప్పండి.

1960ల్లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు పేరు తెచ్చిన స్వీప్ కూడా ఒక్క మనిషిని చదవడం మీదే నడిచేది. వాళ్ల కోచ్ విన్స్ లొంబార్డీ తన టైట్ ఎండ్‌కు చెప్పిన పద్ధతి ఏమిటంటే, ఎదుటి లైన్‌బ్యాకర్ ఎటు పోవాలనుకుంటే అటే నెట్టు. వాడు లోపలికి పోతే పరిగెత్తేవాడు బయటికి, వాడు బయటికి వస్తే పరిగెత్తేవాడు లోపలికి. మొదటి రెండు సూపర్ బౌల్స్, అంటే ఏటా జరిగే పెద్ద ఫైనల్స్, గెలిచిన జట్టు అది. మీరు పదేళ్ల పిల్లల దగ్గర చూడబోయేది ఇందులో సగమే, కానీ కిటుకు ఇదే.

కార్నర్ దగ్గర రెండు చూడండి: ఎంత దూరంలో నిలబడ్డాడు, కళ్లు ఎటున్నాయి. ముఖం కనిపించదన్నాను కానీ హెల్మెట్ ఎటు తిరిగి ఉందో కనిపిస్తుంది. మన రిసీవర్ వైపే తిరిగి ఉండి, వాడు ఎటు పోతే అటు పోతున్నాడంటే మనిషికి మనిషి పద్ధతి. అప్పుడు మన రిసీవర్‌ను ఊరికే లోతుగా పరిగెత్తిస్తే చాలు, వీడు వీపు తిప్పి వాడి వెంట పోతాడు. ఆ మూల ఖాళీ. అలా కాకుండా బంతి వైపు చూస్తూ జాగా కాస్తున్నవాడైతే ఈ పాచిక పారదు. అనుమానం తీర్చుకోవాలంటే, బంతి కదలకముందే మన పిల్లవాడు ఒకడిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించమని కోచ్‌ను అడగండి. దాన్ని మోషన్ అంటారు. వాడి వెంట అవతలివాడు కూడా పరిగెత్తుకుంటూ వస్తే మనిషికి మనిషి. ఎవరూ కదలకపోతే, లేదా అందరూ తలా అడుగు జరిగితే, జాగా కాపలా.

ఎదుటి పదకొండు మందిని, బంతిని వెనక్కి అందించే మన సెంటర్ దగ్గర గీత గీసినట్టు రెండుగా లెక్కపెట్టడం కూడా అలవాటు చేసుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్నవాడిని అర అనుకోండి. అటు అయిదున్నర, ఇటు అయిదున్నర ఉండాలి. ఒకవైపు ఆరున్నర కనిపిస్తే రెండోవైపు నాలుగున్నరే మిగిలారు. ఇంతకంటే తేలికైన లెక్క ఇంకేం కావాలి? అయినా గీత పక్కన ఎవరూ లెక్కపెట్టరు.

దీనికి తోడు మైదానం వెడల్పు. మన పిల్లలు ఆడే హైస్కూలు మైదానాల మీద పొడుగునా రెండు వరుసల చిన్న గీతలుంటాయి, హ్యాష్ మార్కులు. అవి వెడల్పును మూడు సమాన భాగాలు చేస్తాయి. ముందటి ప్రయత్నం పక్క గీత దగ్గర ముగిస్తే బంతిని ఆ దగ్గరి హ్యాష్ మీద పెడతారు. అప్పుడు ఒకవైపు 53 అడుగుల 4 అంగుళాలు, రెండోవైపు 106 అడుగుల 8 అంగుళాలు. చాలా పిల్లల జట్లు ఇది పట్టించుకోవు. బంతి ఎక్కడున్నా రెండు వైపులా సమానంగానే నిలబడతాయి. అంటే అంతే మంది పిల్లలు రెట్టింపు నేలను కాస్తున్నారన్నమాట. కోచ్‌కు ఇది గుర్తుచేయండి. అయితే వాళ్ల పిల్లలు మనవాళ్లకంటే వేగంగా పరిగెడుతుంటే, ఎంత నేల ఉన్నా అడ్డంగా పరిగెత్తి అలసిపోవడమే అవుతుంది.

బంతి అవతలి వైపు పోయినప్పుడు ఇవతలి ఎండ్ ఏం చేస్తున్నాడో చూడటం అన్నిటికంటే కష్టం. మెడ అటు తిరిగిపోతుంది. నాకు రెండేళ్లు పట్టింది. వాడు కాపలా వదిలేసి బంతి వెంట పరిగెడుతున్నాడా? రెండుసార్లు అలా చేస్తే కార్డు మీద రాసుకోండి. మూడోసారి అందరూ అటు పోతున్నట్టు నటించి, బంతి ఇటు తిరిగి వస్తే అడ్డు ఉండదు. కౌంటర్, బూట్‌లెగ్, రివర్స్ అనే ఇలాంటి ఎత్తుల్లో ఏదైనా కావచ్చు. వాడు కదలకుండా అక్కడే ఉంటే మాత్రం రివర్స్ జోలికి పోవద్దు. నాన్నలందరికీ రివర్స్ అంటే పిచ్చి, ప్రతి మ్యాచ్‌లో ఎవరో ఒకరు వెనక నుంచి అరుస్తారు. ఎండ్ ఉన్నచోటే ఉంటే ఆ ఎత్తు పది గజాలు వెనక్కి తీసుకుపోతుంది.

ఇప్పుడు చెప్పే పద్ధతి. మొదటి సీజన్లో ఒకసారి నేను పరిగెత్తుకుంటూ వెళ్లి "వాళ్ల ఎడమవైపు బలహీనంగా ఉంది" అన్నాను. కోచ్ నన్ను చూసి రెండు ప్రశ్నలు అడిగారు. ఎవరి ఎడమ? ఏ విధంగా బలహీనం? రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. మన కుడి వాళ్లకు ఎడమ, పైగా క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) మారగానే దిక్కులు తిరగబడతాయి. అప్పటి నుంచి మేము కుడి ఎడమలు మానేసి, మన బెంచి వైపు, వాళ్ల బెంచి వైపు అనడం మొదలుపెట్టాం. బెంచీలు మ్యాచ్ అంతా అక్కడే ఉంటాయి. తర్వాత చొక్కా నంబరు, వాడు చేసిన పని, ఎన్నిసార్లు. "మన బెంచి వైపు ఎండ్, 44, లోపలికి దూరుతున్నాడు, మూడుసార్లు." అంతే. "స్వీప్ వేయండి" అనవద్దు. ఎత్తు వేసేది ఆయన. మీరు చూసింది చెప్పండి, అనుకున్నది కాదు.

ఒక విడతలో ఒక్క అంచునే చూడండి. రెండూ చూడబోతే రెండూ పోతాయి. గీత పక్క నుంచి దూరపు అంచు సరిగ్గా కనిపించదు కాబట్టి, స్టాండ్‌లో పైన కూర్చునే నాన్న ఒకరిని దానికి పెట్టుకోండి. పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లండి. అక్టోబరు వానలో తడిసిన కార్డు మీద పెన్ను రాయదు.

మీకు ఇబ్బంది పెట్టే విషయం ఒకటి వస్తుంది, ముందే చెబుతాను. చాలా లీగుల్లో ప్రతి పిల్లవాడినీ కొన్ని ప్రయత్నాలైనా ఆడించి తీరాలన్న నియమం ఉంటుంది. అప్పుడు కొత్తగా, భయంభయంగా ఉన్నవాడిని తరచు కార్నర్‌లో నిలబెడతారు. కాపలా మారింది కాబట్టి మీరు చెప్పి తీరాలి. చెప్పిన తర్వాత కోచ్ వాడి మీదికే ఆరుసార్లు పంపితే మీకు రాత్రి నిద్ర పట్టదు. మా కోచ్ ఒకసారి, మహా అయితే రెండుసార్లు పంపి వదిలేసేవారు. నాకు అది నచ్చింది. ఎందుకంటే అంతకుముందు ఏడాది ఆ కార్నర్ మా వాడే. లోపల ఎవరైనా బంతి అందుకున్నట్టు నటిస్తే చాలు, మూల వదిలేసి అటు పరిగెత్తేవాడు. అవతలివాళ్లు అది పట్టేశారు. ఆ రోజు ఇంటికి వస్తూ కారు వెనక సీట్లోంచి "వాళ్లకు ఎలా తెలిసింది నాన్నా?" అని అడిగాడు. వాళ్ల నాన్నల్లో ఒకాయన చూసి ఉంటాడురా అన్నాను. ఆ వారమంతా గ్యారేజీ ముందు చెత్తడబ్బాను టైట్ ఎండ్ అనుకుని, బయటి భుజం వదలకుండా నిలబడటం సాధన చేశాం. చెత్తడబ్బా ఒక్కసారి కూడా దాటిపోలేదు, పై శనివారం మనుషులు రెండుసార్లు దాటారు.

చివరిగా ఒకటి. మైదానంలో బంతిని చూడని పెద్దవాళ్లు అంపైర్లు పోగా మీరొక్కరే ఉంటారు. బంతికి దూరంగా దెబ్బ తగిలి, మెల్లగా లేస్తున్న పిల్లవాడు, తప్పు వైపు నడుస్తున్న పిల్లవాడు మీకే ముందు కనిపిస్తాడు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా ఆట నుంచి తప్పించాలని, వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి దింపకూడదని ఒహాయోలో 2013 నుంచి చట్టం ఉంది. వాడు మన జట్టువాడైనా, మీరు కార్డు మీద నంబరు రాసుకున్న అవతలి జట్టువాడైనా సరే, ఎండ్ ఏం చేస్తున్నాడో తర్వాత చెప్పవచ్చు. ముందు చేయెత్తి ఆట ఆపించండి.