ఫైటర్ అవుతానంటున్న అబ్బాయికి ముందు పడటం నేర్పించండి

ప్రశ్న: మాది చీరాల. మా అబ్బాయికి 18 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, కరాటేలో బ్లాక్‌బెల్ట్ ఉంది. సినిమాల్లో ఫైటర్‌గా చేరి తర్వాత ఫైట్ మాస్టర్ అవుతానని పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఒకాయన లక్షన్నర ఇస్తే యూనియన్ కార్డు ఇప్పిస్తానంటున్నాడు. పంపించమంటారా? దీనికి చదువు ఏదైనా ఉందా? జరగరానిది జరిగితే మా పరిస్థితేంటి?

జవాబు: ముందు ఆ లక్షన్నర సంగతి. ఇవ్వకండి. కార్డుకు ఫీజు ఉన్నమాట నిజమే, అది తక్కువ మొత్తం కూడా కాదు. కానీ దాన్ని కట్టాల్సింది యూనియన్ ఆఫీసులో, మీ అబ్బాయి పేరున రసీదు తీసుకుని. కొత్త సభ్యుల్ని ఎప్పుడు తీసుకుంటారు, వయసు పరిమితి ఎంత, పరీక్షలో ఏమేం చేయించి చూస్తారు అనేవి ఎప్పటికప్పుడు మారుతుంటాయి. అందుకే హైదరాబాద్‌లోని స్టంట్ డైరెక్టర్లు, స్టంట్ ఆర్టిస్టుల యూనియన్ ఆఫీసుకు మీరిద్దరూ కలిసి ఒకసారి వెళ్లండి. మధ్యవర్తి ఇప్పించే కాగితం అసలు కార్డో నకిలీదో సెట్‌కి వెళ్లేదాకా తెలియదు. తెలిసేసరికి ఆయన ఫోన్ ఎత్తడు.

ఇక పంపించాలా వద్దా అంటే, పంపించండి. కానీ ఇప్పుడు కాదు, రెండేళ్ల తర్వాత. ఈ రెండేళ్లలో వాడు నేర్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, అవేవీ హైదరాబాద్‌లో సినిమా అవకాశాల కోసం వచ్చేవాళ్లు ఉండే కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని కూర్చుంటే రావు.

బ్లాక్‌బెల్ట్ పనికొస్తుంది. అయితే మీరనుకుంటున్నంత కాదు. కరాటేలో దెబ్బ తప్పించుకున్నవాడు గెలుస్తాడు. సినిమాలో ఫైటర్ పని హీరో కొట్టినట్టు, తను తిన్నట్టు కనిపించడం. హీరో పిడికిలి మొహానికి ఆరేడు అంగుళాల అవతల నుంచి పోతుంది, ఆ ఖాళీ కనబడని కోణంలో కెమెరా పెడతారు. పిడికిలి మొహం ముందుకు వచ్చిన క్షణంలోనే ఫైటర్ తల తిరగాలి. ముందే తిరిగితే నవ్వొస్తుంది, ఆలస్యమైతే టేక్ పోతుంది. కరాటే నుంచి వచ్చిన పిల్లల్లో ఎక్కువగా కనబడే లోపాలు రెండు. పంచ్ పొట్టిగా, వేగంగా విసరడం ఒకటి. పోటీలో పాయింటు తెచ్చేది అదే, కానీ కెమెరాకు అందదు. చేయి బయటి నుంచి పెద్దగా తిప్పి కొట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. రెండోది, పడబోయే ముందు కళ్లు నేలకేసి వెళ్లడం. పడబోతున్నాడని ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది.

వీటికంటే పెద్ద సమస్య చేతులది. పడేటప్పుడు మనిషి సహజంగానే అరచేయి నేలకు ఆనిస్తాడు. ఒళ్లంతటి బరువు మణికట్టు మీద పడి అక్కడే విరుగుతుంది. ఈ అలవాటు పోవడానికి జూడోలో నేర్పే పతనాలే సరైన మందు: గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలకూడదు, ముంజేయి మొత్తం ఒకేసారి నేలను కొట్టాలి, శ్వాస బయటికి వదిలేయాలి. ముందు కూర్చున్న చోటి నుంచి, తర్వాత గొంతుకూర్చుని, తర్వాత నిలబడి, ఆపైన నడుస్తూ. ఒక్కో దశ పూర్తిగా ఒంటపట్టాకే తర్వాతిది. ఆలోచించకుండా శరీరం తనంతట తానే అలా పడే రోజు రావాలి.

ఎత్తు నుంచి దూకడం దీని తర్వాతి మెట్టు. మీవాడు ఎంపీసీ కాబట్టి లెక్క చెబితే అర్థమవుతుంది. 10 అడుగుల నుంచి పడితే నేలను తాకేటప్పటికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు, 20 అడుగులైతే 39. ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్నదే ప్రాణాన్ని నిలబెట్టేది. 20 అడుగుల నుంచి పడ్డ మనిషి 3 అంగుళాల్లో ఆగితే ఒంటి మీద పడే బలం సగటున వాడి బరువుకు 80 రెట్లు. 3 అడుగుల్లో మెల్లగా ఆగితే ఏడెనిమిది రెట్లే. అట్టపెట్టెలు పేర్చినా, ఎయిర్‌బ్యాగ్ వేసినా చేసేది ఈ ఆగే దూరాన్ని పెంచడమే. పెట్టెలు ఖాళీవై ఉండాలి, ఒకే సైజువి వరసలుగా పేర్చాలి, లోపలి గాలి బయటికి పోయే సందు ఉండాలి, పక్కలకు జారిపోకుండా చుట్టూ తాడు కట్టాలి, పైన పరుపులు పరవాలి. వాన తడి తగిలిన అట్టపెట్టె మెత్తబడి ఒక్కసారిగా కూలిపోతుంది, అందుకే తడిసినవి పక్కన పడేయాలి. దిగడం వీపు మీద. కాళ్ల మీద దిగితే మోకాళ్లు మడతపడి మొహానికి తగులుతాయి, పళ్లు రాలతాయి.

ఈ రెండేళ్లకు నా లెక్క ఇది. మొదటి ఏడాది జిమ్నాస్టిక్స్ ఫ్లోర్, జూడో, ఈత. మీ దగ్గర్లో జిమ్నాస్టిక్స్ కోచ్ లేకపోతే కోచ్ ఉన్న ఊళ్లో డిగ్రీ సీటు తీసుకోండి, కాలేజీ పేరు చూసి కాదు. ఇంట్లో పరుపు మీద వీడియోలు చూస్తూ బ్యాక్‌ఫ్లిప్ వేయనివ్వకండి, మెడ మీద పడేది సరిగ్గా అక్కడే. రెండో ఏడాది కర్రసాము, కత్తి తిప్పడం, బైక్, కారు లైసెన్సులు, వీలైతే గుర్రపు స్వారీ. పౌరాణికాలు, జానపదాలు తీసే పరిశ్రమ మనది, గుర్రం ఎక్కగల ఫైటర్‌కు పని దొరికే అవకాశం ఎక్కువ. బరువులెత్తి కండలు పెంచే పిచ్చి ఉంటే తగ్గించుకోమనండి. డూప్‌గా నిలబెట్టేది హీరో ఒడ్డూపొడుగుకు సరిపోయినవాణ్నే.

ఇక చాలామంది తల్లిదండ్రులకు, పిల్లలకు కూడా తెలియని దారి ఒకటుంది, అది తాడు పని. ఇప్పుడు పెద్ద ఫైట్లలో సగం పని రోప్ మీదే. ఎగరడం, గాల్లో తిరగడం, దెబ్బకు వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకోవడం, అన్నీ. క్రేన్‌కు కప్పీ బిగించి 70 కిలోల మనిషిని లాగితే ఆ కప్పీ మీద పడే బరువు 70 కాదు, 140. మనిషి వైపు 70, లాగే వైపు 70. కుదుపుతో లాగితే ఇంకా పెరుగుతుంది. తాడుకు ముడి వేసినచోట దాని బలం నాలుగో వంతో, మూడో వంతో తగ్గుతుంది. అంచుకు ఒరుసుకుంటే ఇంకా తగ్గుతుంది. హార్నెస్‌లో, అంటే ఒంటికి బిగించే పట్టీల్లో, కదలకుండా వేలాడదీసి లైటింగ్ సరిచేస్తూ కూర్చుంటే కాళ్లలో రక్తం నిలిచి మనిషి స్పృహ తప్పుతాడు, షాట్ షాట్‌కూ కిందికి దించాలి. ఇవన్నీ లెక్కగట్టి సామాను బిగించగల మనుషులు మన దగ్గర తక్కువ.

దీనికి పద్ధతైన శిక్షణ ఉంది. ఐరాటా అనే అంతర్జాతీయ సంస్థ సర్టిఫికెట్ ఇచ్చే రోప్ యాక్సెస్ కోర్సు మన దేశంలోనూ చేయొచ్చు. 18 ఏళ్లు నిండితే చాలు. మొదటి లెవెల్‌కు నాలుగు రోజుల శిక్షణ, తర్వాత పరీక్ష. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఏడాది గడిచి, తాడు మీద 1000 గంటల పని లాగ్‌బుక్‌లో నమోదైతే రెండో లెవెల్‌కు వెళ్లొచ్చు. ఇది సినిమా కోసం పెట్టిన కోర్సు కాదు. గాలిమరలు, చమురు ప్లాట్‌ఫారాలు, ఎత్తైన భవనాల మీద పనిచేసేవాళ్ల కోసం పెట్టింది. మీకు ధైర్యమిచ్చేదీ అదే. సినిమాలు దొరకని నెలల్లో, లేదా పూర్తిగా మానేయాల్సి వచ్చినా, ఆ పని ఉంటుంది. ముందు తాడు భయం పోవాలంటే భువనగిరి గుట్ట మీద ఇచ్చే రాక్ క్లైంబింగ్ శిక్షణకు వెళ్లి రమ్మనండి.

సెట్‌లో మెట్లు ఇలా ఉంటాయి. మొదట గుంపులో ఫైటర్, అంటే హీరో చుట్టూ మూగే పదిమందిలో ఒకడు. తర్వాత డూప్. తర్వాత మాస్టర్ దగ్గర అసిస్టెంట్. చివరికి మాస్టర్. అందరూ చివరిదాకా రారు. మీ పక్కనే ఉన్న కారంచేడు నుంచి వెళ్లిన రామ్-లక్ష్మణ్‌లు ఫైటర్లుగా మొదలుపెట్టి మాస్టర్లయ్యారు, మీవాడి మనసులో ఉన్నదీ బహుశా వాళ్లే. గుర్తింపు కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. 2016 సినిమాల నుంచి జాతీయ అవార్డుల్లో స్టంట్స్‌కు విడిగా బహుమతి ఉంది, మొదటిది ఫైట్ మాస్టర్ పీటర్ హెయిన్‌కు వచ్చింది. 2023 సినిమాలకుగాను తెలుగు సినిమాకు నందు, పృథ్వీ అందుకున్నారు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ఆస్కార్‌లోనూ స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇవ్వబోతున్నారు.

డబ్బు విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. ఫైటర్‌కు నెల జీతం లేదు, కాల్షీట్ ఉన్న రోజుకే వేతనం. ప్రమాదం ఎక్కువున్న షాట్‌కు విడిగా ఇస్తారు, అదెంతో షాట్‌కు ముందే మాట్లాడుకోవాలి. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగితే షూటింగులు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో రోజు లెక్కన బతికేవాడికి ఇల్లు గడవదు. కనీసం ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకుని పంపండి. మధ్యవర్తికి ఇద్దామనుకున్న ఆ లక్షన్నర దీనికి పనికొస్తుంది.

ప్రమాదాల గురించి అడిగారు. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో కన్నడ సినిమా కోసం హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగి చనిపోయారు. వాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. 2024 జులైలో చెన్నైలో ఒక స్టంట్‌మ్యాన్ 20 అడుగుల ఎత్తు నుంచి పడి చనిపోయాడు. 2025 జులైలో నాగపట్నం జిల్లాలో కారు పల్టీ షాట్‌లో అనుభవమున్న స్టంట్‌మ్యాన్ మరణించాడు. నీళ్లలో జాకెట్, ఎత్తులో రెండో తాడు, కారులో పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా కాపాడే ఇనుప చట్రం (రోల్‌కేజ్), మంటల షాట్‌లో ఆర్పేవాళ్లు తన కంటికి కనబడితేనే షాట్‌కు ఒప్పుకోవాలి. అంబులెన్స్ ఉందా, దగ్గరి ఆస్పత్రి ఏది అని ఉదయమే అడగాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజుకు పని బంద్, డాక్టరు చెప్పేదాకా మళ్లీ సెట్‌కు వెళ్లకూడదు. మొదటిది మానకముందే తగిలే రెండో దెబ్బ మెదడును తీవ్రంగా దెబ్బతీస్తుంది. కొత్త కుర్రాడు “నేను చేయను” అంటే మళ్లీ పిలవరేమోనని భయపడతాడు. ఇంట్లో ఆర్నెల్ల ఖర్చు ఉన్నవాడు ఆ మాట అనగలడు. పైన ఆ డబ్బు గురించి అంతగా చెప్పడానికి ఇది రెండో కారణం.

ఫైట్ మాస్టర్ కావాలంటే ఒళ్లు మాత్రమే చాలదు. సీను చదివి ఎంతమంది ఫైటర్లు, ఎన్ని రోజులు, ఏ క్రేన్, ఎన్ని పరుపులు అని బడ్జెట్ వేయాలి. లొకేషన్ చూసి నేల గట్టితనం, కరెంటు తీగలు గమనించాలి. ఫోన్‌తో రిహార్సల్ తీసి, ఎడిట్ చేసి డైరెక్టర్‌కు చూపించాలి. మీవాణ్ని ఇప్పటినుంచే ఎడిటింగ్ యాప్ నేర్చుకోమనండి. ఇద్దరు స్నేహితులతో 30 సెకన్ల ఫైట్ తీసి, ఏ షాట్‌లో ఖాళీ కనబడిందో వాడే పట్టుకోవాలి.

చదువు ఆపొద్దు. డిగ్రీ ఏదైనా సరే, ఆ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్య కోర్సు బీపీఎడ్ చేయొచ్చు. ఇంటర్‌తోనే రెండేళ్ల డీపీఎడ్‌కు కూడా దారి ఉంది. మోకాలు దెబ్బతిని ఫైట్లు మానేయాల్సి వచ్చినవాడికి వ్యాయామ ఉపాధ్యాయ అర్హత ఒక అండ.

చివరగా బీమా. ఏ పాలసీ తీసుకున్నా వృత్తి గడిలో స్టంట్ ఆర్టిస్ట్ అనే రాయించండి. ప్రీమియం పెరుగుతుంది, కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఏజెంటు ప్రైవేటు ఉద్యోగం అని రాద్దామంటే ఒప్పుకోకండి, నిజం దాచిన పాలసీలో క్లెయిమ్ అవసరం పడ్డ రోజున తిరస్కరణకు గురికావచ్చు. ప్రమాద బీమా పత్రంలో మినహాయింపుల పేజీ తీసి ప్రమాదకర వృత్తుల వాక్యం ఉందో లేదో వేలుపెట్టి చదవండి. యూనియన్ ఆఫీసుకు వెళ్లినప్పుడు సభ్యులకు బీమా ఏముంది, షూటింగ్‌లో గాయమైతే ఆస్పత్రి ఖర్చు ఎవరు కడతారు, మరణిస్తే కుటుంబానికి ఎంత వస్తుంది అనే మూడు ప్రశ్నలూ కార్డు ఫీజు కంటే ముందు అడిగి, జవాబులు రాసుకుని రండి.