పెరట్లో పనస వేయొచ్చా?

ఒడిశాలోని కొరాపుట్‌లో ఇల్లు కట్టుకున్నామనీ, పెరట్లో పనస వేద్దామంటే "పండు తప్ప ఇంకెందుకు పనికొస్తుంది" అని ఇంట్లోవాళ్లు అంటున్నారనీ రాశారు. నేను పుట్టి పెరిగింది ఆ పక్కనే రాయగడలో, పనస నీడలోనే. మా ఇంట్లో పండుది మూడో స్థానం. ముందు పొట్టు, తర్వాత పిక్క.

మాఘమాసం దాటాక మొదలంటా లేతకాయలు వేలాడతాయి. పిక్క గట్టిపడకముందే కోసెయ్యాలి. చేతికీ కత్తికీ నూనె రాసుకోకపోతే ఆ పాలు బంకలా పట్టి సబ్బుకీ వదలవు. మా అమ్మ చెక్కు తీసి, కాయ మీద కత్తితో టకటకా గాట్లు పెట్టి పొట్టు కొట్టేది. దాన్ని పసుపు, ఉప్పు వేసి ఉడికించి, గట్టిగా పిండి, పోపులో చింతపండు పులుసు పోసి మగ్గనివ్వాలి. ఆవముద్ద మాత్రం దించాకే కలపండి, పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుంది. పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) అదే కాయని పెద్ద ముక్కలుగా వేయించి, బంగాళాదుంపతో మసాలా పెట్టి పణస కఠా తరకారి అనే కూర చేసేది. ఆ రోజు రెండిళ్ల మధ్యా గిన్నెలు తిరిగేవి.

పిక్కల్ని ఆరబెట్టి ఇసుకలో దాచి, వానాకాలం పప్పులో వేసుకునేవాళ్లం. నిప్పుల్లో కాల్చినవైతే పిల్లలం జేబుల్లో పోసుకుని తిరిగేవాళ్లం. ఆకు మేకలకి ప్రాణం. కలపలో చేవ పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగు తిరుగుతుంది. చెద తొందరగా పట్టదు. మా రైలుదారిలోనే ఉన్న బొబ్బిలి దగ్గర వీణని ఒకే పనస దుంగ తొలిచి చేస్తారు. ఇంట్లోవాళ్లకి ఈ మాట చెప్పండి.

ఒక్క జాగ్రత్త. నేను సొంతంగా వేసిన మొదటి మొక్క నాలుగేళ్లు ఏపుగా పెరిగి చచ్చిపోయింది. స్నానాలగది నీళ్లు చేరే పల్లంలో పెట్టాను. ఆ ఏడాది వానలకి నీళ్లు నిలిచి, ఆకులు వాడి, నెల తిరక్కుండా మోడైపోయింది. ఆ జాగా చూస్తే ఇప్పటికీ బాధే. మీరు మిట్టన, గోడకి దూరంగా వేయండి. ఎప్పుడూ పచ్చగా ఉన్నా ఏడాది పొడుగునా ఆకు రాలుతుంది, రోజూ ఊడ్చుకోవాలి.

ఎండాకాలం చివర కొండల మీంచి కొంధు గిరిజనులు సంతకి పండ్లు దింపుతారు. తియ్యటిది దొరికితే పిక్కలు ఎండనివ్వకుండా ఆ వారంలోనే, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే నాలుగు పాతండి. తర్వాత కదిపితే తల్లివేరు తెగుతుంది. మొలిచినవాటిలో బలమైనది ఉంచి తక్కినవి తీసేయండి.