సమాధానం: జమైకా బానిస రిజిస్టర్లలో యూదు యజమానులను గుర్తించడం

జమైకా బానిస రిజిస్టర్లలో, అంటే ఏ యజమాని దగ్గర ఏ బానిసలున్నారో రాసిన ప్రభుత్వ జాబితాల్లో, డ కోస్టా, పెరేరా వంటి ఇంటిపేర్లున్న యజమానులందరినీ యూదులుగా లెక్కేశానని, సంఖ్య నమ్మేలా లేదని రాశారు కదండీ. పొరపాటు అక్కడే. ఆ పేర్లు పోర్చుగీసు క్రైస్తవులకూ ఉంటాయి. ముందు సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) పెళ్లి, మరణ నమోదులు, వీలునామాలు, జమైకాలోని హంట్స్ బే లాంటి యూదు శ్మశానాల్లో హీబ్రూ, పోర్చుగీసు, ఇంగ్లిష్‌లలో చెక్కిన సమాధి రాళ్లతో మనిషిని ఖాయం చేసుకోండి.

తర్వాత లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని టీ 71 వరుస తెరవండి, ఆ బానిస రిజిస్టర్లుండేది అందులోనే. మొదలు 1817 రిజిస్టరుతోనే పెట్టండి: బానిసల్లో ఒక్కొక్కరి పేరు, రంగు, వయసు, పుట్టింది ఆఫ్రికాలోనా ద్వీపంలోనా అన్నది అందులో ఉంటుంది. మూడేళ్లకోసారి వచ్చిన తర్వాతి పట్టీల్లో ఉండేది ప్రధానంగా జననాలు, మరణాలు, అమ్మకాల వంటి మార్పులే. వాటినే పూర్తి జాబితా అనుకుంటే లెక్క తప్పుతుంది.

యూదు వర్తకులూ బానిసల్ని ఉంచుకున్నారు, అది దాచాల్సింది కాదు. కానీ ద్వీపంలోని యజమానుల్లో వాళ్లు చిన్న భాగమే. యజమానుల పేర్లతో ఆగిపోకండి, బానిసల పేర్లు కూడా మీ జాబితాలో తప్పక ఎక్కించండి.