గుండెల్లో మంటకి ఆపరేషన్ చేయించుకోవచ్చా? చేయించుకున్నవాడి జవాబు

"తొమ్మిదేళ్లుగా ఎసిడిటీ మాత్రలు మింగుతున్నాను, దీనికి ఆపరేషన్ ఉందంటున్నారు, చేయించుకోవచ్చా?" అని అడిగారు. నేను చేయించుకుని నాలుగేళ్లయింది. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. మీరు ముక్కులో పైపు పెట్టించుకున్నారా? లేకపోతే ఆపరేషన్ మాట అప్పుడే ఎత్తకండి.

నేను గుంటూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటల క్లాసుకి వెళ్తే, కిందపడ్డ చాక్‌పీస్ తీద్దామని వంగేసరికి పుల్లటి నీళ్లు గొంతు దాకా వచ్చేవి. రాత్రి పడుకుంటే దగ్గు. మంచం తలవైపు కోళ్ల కింద రెండు ఇటుకలు పెట్టుకుని ఏళ్ల తరబడి ఏటవాలుగా నిద్రపోయాను. పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ 40. రెండు రోజులు మానితే వడ్డీతో సహా తిరిగొచ్చేది. ఎండోస్కోపీలో హయాటస్ హెర్నియా అని రాశారు. అంటే పొట్ట పైభాగం కాస్త ఛాతీలోకి జారిందన్నమాట.

ఇంకేం, కోయించుకుందామని విజయవాడలో ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఎండోస్కోపీ రిపోర్టు చూసి, "ఇది చాలదు. మానోమెట్రీ, 24 గంటల పీహెచ్ టెస్టు చేయించుకుని రండి" అన్నాడు. మొదటిది అన్నవాహిక బిగువు, కదలికలు కొలిచేది, రెండోది అందులోకి యాసిడ్ ఎంత వస్తోందో కొలిచేది. డబ్బు గుంజడానికే అనుకుని తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

టెస్టుకి వారం ముందు మాత్రలు ఆపమన్నారు. ఆ వారం సంగతి నన్నడక్కండి, మా ఆవిడనడగండి. టెస్టు రోజు ముక్కులోంచి సన్నటి పైపు దించుతూ నర్సు "మింగండి సార్, మింగండి" అంటూనే ఉంది. పది గుక్కల నీళ్లు ఒక్కొక్కటిగా మింగించి అన్నవాహిక బిగువు కొలిచారు. అది తీసేసి ఇంకో పైపు వేసి, బుగ్గ మీద ప్లాస్టర్ అంటించి, చెవి వెనక నుంచి తిప్పి, చివర ఉన్న చిన్న పెట్టెని భుజానికి తగిలించారు. "మంట వచ్చినప్పుడల్లా ఈ బటన్ నొక్కండి. ఇంటికెళ్లి మామూలుగా తినండి, పథ్యం చేయకండి. రేపు ఇదే టైముకి రండి" అని పంపేశారు.

ఆ వేషంతో గుంటూరు బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ కాసేపు చూసి, "ఏమైంది నాయనా?" అంది.

"గ్యాస్ అమ్మా."

"గ్యాస్‌కి ముక్కులో పైపా! కాస్త వాము నమలకపోయావా?"

అంతే, బస్సంతా డాక్టర్లయిపోయారు. చల్లటి పాలు అని ఒకరు, బంగాళదుంప రసం అని ఒకరు. కండక్టర్ టికెట్టు చింపి ఇస్తూ, "మా బావమరిదికీ ఇలాగే గ్యాస్ అన్నారు సార్, చివరికి గుండె అని తేలింది" అని ముందుకెళ్లిపోయాడు. నేను ముందే ఈసీజీ తీయించుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మంగళగిరి దాటేలోపే నాకు గుండె ఆగేది. మీరు కూడా ఛాతీలో ఏ నొప్పొచ్చినా సోడా తాగి కూర్చోకుండా ముందు ఆ ఈసీజీ తీయించుకోండి.

మామూలుగా తినమన్నారు కదా, మా ఆవిడ గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ వడ్డించింది. సాయంత్రం బజ్జీల బండి దగ్గరికెళ్తే, బండి అతను నా ముక్కు చూసి మిరపకాయ బజ్జీ ఇవ్వనన్నాడు. "మీకేమైనా అయితే నా మీదకొస్తుంది సార్" అంటాడు. డాక్టరే తినమన్నాడని నచ్చజెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండో బజ్జీ సగంలో ఉండగా నూనె వేలితోనే బటన్ నొక్కాను. రాత్రి రెండింటికి లేచి కూర్చుని మళ్లీ నొక్కాను. మొత్తం ఇరవై మూడు సార్లు.

పీహెచ్ ఎంత తగ్గితే యాసిడ్ అంత ఎక్కువని లెక్క. అన్నవాహికలో అది 4 కంటే తక్కువున్న సమయం రోజులో 6 శాతం దాటితే రిఫ్లక్స్, అంటే పొట్టలోని యాసిడ్ పైకి తన్నడం, ఖాయమంటారు. నాది 11. బటన్ నొక్కిన సమయాల్లో చాలావాటికి యాసిడ్ పైకొచ్చిన గీతలు కూడా సరిపోయాయి. మా కాలేజీ ఫిజిక్స్ ఆయనకీ అచ్చం నాలాంటి మంటే, ఆరేళ్లు మాత్రలు వాడాడు. ఆయన టెస్టులో యాసిడ్ మామూలుగానే ఉంది! అన్నవాహిక నరాలు అతిగా స్పందిస్తున్నాయన్నారు. ఆయన గనక తొందరపడి కోయించుకుని ఉంటే మంట మంటగానే ఉండేది, పైన కుట్లు బోనస్.

ఆపరేషన్‌లో పెద్ద కథేం లేదు. పొట్ట మీద ఐదు చిన్న చిల్లులు, రెండు రాత్రులు ఆస్పత్రి. జారిన పొట్టని కిందకి లాగి, యాసిడ్ పైకి రాకుండా దాని పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ, మెడకి కండువాలా చుడతారు. రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ 1955లో మొదట చేశాడు. 1948లో ఐన్‌స్టీన్ పొట్టలో ఉబ్బిన రక్తనాళానికి సెల్లోఫేన్ చుట్టింది కూడా ఈయనే. చుట్టడమంటే మహా ఇష్టమనుకుంటా! నిస్సెన్ పద్ధతిలో పూర్తిగా 360 డిగ్రీలు చుడతారు. నా అన్నవాహిక కదలికలు బలహీనంగా ఉన్నాయని మానోమెట్రీలో తేలింది కాబట్టి, పూర్తిగా బిగిస్తే తిండి దిగడం కష్టమని నాకు 270 డిగ్రీలతో ఆపారు. దాన్ని టూపే పద్ధతి అంటారు. ఇప్పుడు అర్థమైందా, ఆ మింగిన పది గుక్కల విలువ?

ఇన్సూరెన్స్ వాళ్లు ఆపరేషన్‌కి ఇచ్చి, ఈ టెస్టుల డబ్బు మాత్రం ఇవ్వలేదు. "అడ్మిషన్ లేని పరీక్షలు" అట. ముక్కులో పైపుతో బస్సులో తిరగడం కంటే అడ్మిట్ అవడమే సుఖం కదండీ.

తర్వాత ఆరు వారాలు మెత్తటి తిండి. సాంబారులో నానిన ఇడ్లీ, మెత్తగా పిసికిన పప్పన్నం. మూడో వారంలో ఆశపడి పూరీ ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఛాతీ మధ్యలో అడ్డంపడి పావుగంట అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. త్రేన్పు ఇప్పటికీ సగంలో ఆగిపోతుంది. పైకి రావాల్సిన గాలి కిందనుంచి పోతుంది, స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్క సీటు అందుకే తీసుకున్నాను. ఇది ఏ డాక్టరూ ముందు గట్టిగా చెప్పడు.

శాశ్వతమా అంటే, స్వీడన్‌లో ఈ ఆపరేషన్ చేయించుకున్న 2,655 మందిని గమనిస్తే 17.7 శాతానికి రిఫ్లక్స్ తిరిగొచ్చిందని 2017లో లెక్క తేల్చారు. నాకింకా రాలేదు. రెండు బజ్జీలు తిని హాయిగా ఎడమవైపు తిరిగి పడుకుంటున్నాను. ఇటుకలు మాత్రం మా ఆవిడ పారేస్తానంటే వద్దని మంచం కిందే ఉంచాను.