సంగీత సందేహాలు: ఎడమచేతి గిటారు, డాడ్‌గాడ్ శ్రుతి

ప్రశ్న: నాది ఎడమచేతివాటం, గిటారు కూడా ఎడమచేతిదే. కొంత కర్ణాటక సంగీతం వచ్చు. డాడ్‌గాడ్ (ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా డి-ఎ-డి-జి-ఎ-డి) ట్యూనింగ్‌లో మోడ్‌లు, అంటే పాశ్చాత్య స్వరక్రమాలు, నేర్చుకుందామంటే పుస్తకంలో బొమ్మలు తిరగబడి కనిపిస్తున్నాయి. పైగా డోరియన్ అనే మోడ్ వాయిస్తుంటే సి మేజర్‌లాగే వినిపిస్తోంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ట్యాబ్ రాత (ఆరు తీగలకు ఆరు గీతలు గీసి వాటి మీద అంకెలు వేసే పద్ధతి) కుడిచేతివాళ్లకూ మీకూ ఒకటే. అందులో ఉండేది తీగ నంబరు, ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) నంబరు మాత్రమే. పై గీత ఒకటో తీగ, అడుగు గీత ఆరో తీగ. తిప్పుకోవాల్సింది కార్డ్ బొమ్మల్నీ ఫ్రెట్‌బోర్డు పటాల్నీ. ఫోన్‌లో ఫొటో తీసి ఎడమను కుడి చేయండి, చాలు. వీడియో పాఠాల్లో మాత్రం లాభం మీదే. ఎదురుగా కూర్చున్న కుడిచేతి గురువు మీకు అద్దంలో బొమ్మలాగే ఉంటాడు.

ఇక శ్రుతి. మామూలు ట్యూనింగ్‌లోని ఆరు, రెండు, ఒకటో తీగల్ని ఒక్కో టోను, అంటే రెండేసి ఫ్రెట్ల దూరం, దించాలి. ఆరోది నాలుగో తీగకు ఒక స్థాయి కింద, ఒకటోది దానికి ఒక స్థాయి పైన, రెండోది ఐదో తీగకు ఒక స్థాయి పైన పలకాలి. ప్రతి తీగనూ కావలసినదానికంటే కాస్త కిందికి దించి, మళ్లీ పైకి బిగిస్తూ ఆపండి. మూడు తీగలు వదులైతే మెడ మీద బలం తగ్గి, మిగతావి కొద్దిగా పైకి జరుగుతాయి. అందుకే రెండో విడత సరిచూడటం తప్పదు.

ఇప్పుడు నాలుగో తీగ షడ్జం, మూడోది మధ్యమం, రెండోది పంచమం, ఒకటోది తారషడ్జం. అంటే నాలుగు, మూడు తీగల మీద పూర్వాంగం (స రి గ మ), రెండు, ఒకటో తీగల మీద ఉత్తరాంగం (ప ద ని స) వస్తాయి. డోరియన్‌కు నాలుగో తీగ 0 (ఖాళీ తీగ), 2, 3, మూడోది 0, రెండోది 0, 2, 3, ఒకటోది 0. ఇది మన ఖరహరప్రియ స్వరస్థానాలే. నాలుగో తీగ మీద 3 బదులు 4 వేస్తే సాధారణ గాంధారం అంతర గాంధారమై మిక్సొలీడియన్, అంటే హరికాంభోజి. రెండో తీగ మీద కూడా 3ని 4 చేస్తే శంకరాభరణం. అక్కడి నుంచి మూడో తీగ 0 బదులు 1 వేస్తే లీడియన్, మన మేచకల్యాణి. మళ్లీ డోరియన్‌కు వచ్చి రెండో తీగ 2ని 1 చేస్తే నఠభైరవి, నాలుగో తీగ 2ని కూడా 1 చేస్తే తోడి స్వరాలు. స్వరాలు మాత్రమే సుమా. గమకం లేని తోడిని తోడి అనలేం. ఒక్కో ఫ్రెట్‌కు ఒక్కో వేలు: 1కి కుడిచేతి చూపుడువేలు, 4కి చిటికెనవేలు.

డి డోరియన్‌లోనూ సి మేజర్‌లోనూ ఉన్నవి అవే ఏడు స్వరాలు. ఆధారషడ్జం మోగకపోతే చెవి సి దగ్గరికే జారిపోతుంది, గ్రహభేదం (షడ్జం మరో స్వరానికి మారడం) జరిగినట్టే. అందుకే నాలుగు స్వరాలకోసారి ఎడమచేతి బొటనవేలితో ఆరో తీగ, ఆ వెంటే ఐదో తీగ మీటండి. ఈ ట్యూనింగ్‌కు ఉన్న అసలు బలం ఈ స-ప శ్రుతే. 1960ల్లో బ్రిటిష్ గిటారిస్టు డేవీ గ్రాహమ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాక, ఐరిష్ జానపద బాణీలకు ఇది బాగా అతికింది కూడా అందుకే. ఒక జాగ్రత్త: పంచమానికి వెళ్లగానే మూడో తీగను వేలితో తాకి ఆపండి. లేకపోతే మధ్యమం మోగుతూనే ఉండి పంచమంతో గీసుకుంటుంది.

పాడేవారి శ్రుతికి వెళ్లాలంటే కాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) చాలు. ఖాళీ తీగల మీద ఇది రెండు శ్రుతి (షడ్జం డి). రెండో ఫ్రెట్‌లో కాపో పెడితే మూడు, ఐదో ఫ్రెట్‌లో ఐదు శ్రుతి.

ప్రశ్న: ఇదే ట్యూనింగ్‌లో నా ఆరో తీగ గరగరమంటోంది. మెడ సర్దించాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు తీగ మార్చి చూడండి. 10–47 సెట్టు (ఒకటో, ఆరో తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఈ శ్రుతికి మరీ వదులు. 12–53 సెట్టు వేసి, ఆరో తీగ ఒక్కటి 56ది కడితే చాలావరకు పోతుంది. తీగ వదులుగా ఉంటే మరో చిక్కు కూడా ఉంది: గట్టిగా నొక్కితే శ్రుతి పైకి పోతుంది. కాబట్టి ఫ్రెట్‌కు ఆనుకుని వెనకే, తేలిగ్గా నొక్కండి. కీ తిప్పేటప్పుడు టిక్కుమని చప్పుడై శ్రుతి ఒక్కసారిగా దూకితే తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో పట్టేస్తోందన్నమాట. గాడిలో పెన్సిల్ ముక్కు గీయండి.

ప్రశ్న: కుడిచేతి అకౌస్టిక్ గిటారుకే తీగలు తిరగేసి కట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: తీగలొక్కటే మారిస్తే కుదరదు. నట్‌లో ఒకటో తీగ గాడి సన్నం, ఆరో తీగ అందులో దిగదు. ఆరో గాడిలో ఒకటోది కదులుతూ కొట్టుకుంటుంది. నట్ మార్పించుకున్నా శాడిల్ (వంతెన మీద తీగలు ఆనే పట్టీ) ఏటవాలు మిగిలే ఉంటుంది. లావు తీగలకు పొడవు ఎక్కువ కావాలని దాన్ని అలా వాల్చి పెడతారు. తిరగేస్తే లావు తీగలు ఫ్రెట్ నొక్కినప్పుడు శ్రుతి పైకి, సన్నవి కిందికి పోతాయి. వంతెనలో శాడిల్ గాడిని పూడ్చి కొత్తగా కోయించాలి. ఆ ఖర్చు చవక గిటారుకు పెట్టడం దండగ. శాడిల్ తిన్నగా ఉండే నైలాన్ తీగల క్లాసికల్ గిటారైతే నట్ మార్పుతో సరిపోతుంది.