కాలిఫోర్నియా కంట్రోలర్ పదవికి పోటీపడేవాళ్లలో ఎవరికి ఓటేయాలో ఎలా తేల్చుకోవాలి?

కొత్తగా పౌరసత్వం వచ్చిన మనవాళ్లు చాలామంది అడిగేదే మీరూ అడిగారు. గవర్నర్ ఎవరో తెలుసు గానీ, బ్యాలెట్‌లో ఎక్కడో కింద ఉండే ఈ కంట్రోలర్ ఎవరు, పార్టీ చూసి గుర్తు పెట్టేస్తే సరిపోదా అని. నేను బే ఏరియాలో ఒక నగరపాలక సంస్థ ఆర్థిక విభాగంలో పనిచేస్తాను. మా లెక్కలు ఏటా కంట్రోలర్ కార్యాలయానికి పంపాలి. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ ఒక్క పదవికి మాత్రం పార్టీ చూసి ఓటేయకండి.

ఇండియాలో కాగ్‌ని రాష్ట్రపతి నియమిస్తారు. ఇక్కడ కంట్రోలర్‌ని నాలుగేళ్లకోసారి జనమే ఎన్నుకుంటారు, ఎవరైనా రెండు దఫాలే. రాష్ట్ర ఖజానా నుంచి వెళ్లే చెల్లింపులు, రాష్ట్ర ఉద్యోగుల జీతాలు చూసేది ఈ కార్యాలయమే. కాల్‌పర్స్, కాల్‌స్టర్స్ పింఛను బోర్డుల్లోనూ, ఆదాయపు పన్ను చూసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డులోనూ కంట్రోలర్ సభ్యులు. జనం మరిచిపోయిన బ్యాంకు ఖాతాలు, బీమా సొమ్ము భద్రపరిచి, వచ్చి అడిగితే తిరిగిచ్చేదీ వీళ్లే. (మీ పేరు కూడా ఓసారి వెతికి చూడండి. ఇల్లు మారినప్పుడు మేం వదిలేసిన డిపాజిట్ ఒకటి మాకలాగే దొరికింది.) స్టేట్ ఆడిటర్ మాత్రం వేరు, ఆ పదవికి ఎన్నిక లేదు.

2022 పోటీ నాకు బాగా గుర్తుంది. అప్పటి కంట్రోలర్ బెట్టీ యీకి రెండు దఫాలూ పూర్తయ్యాయి. జూన్ ప్రైమరీలో (పార్టీ ఏదైనా మొదటి ఇద్దరే నవంబరు ఎన్నికకు వెళ్తారు) డెమొక్రాట్లు చాలామంది నిలబడ్డారు: మాలియా కోహెన్, ఇవాన్ యూ, స్టీవ్ గ్లేజర్, రాన్ గాల్పెరిన్. వాళ్ల ఓట్లు చీలడంతో రిపబ్లికన్ లాన్హీ చెన్ మొదటి స్థానంలో వచ్చారు. నవంబరులో కోహెన్ సుమారు 55 శాతంతో గెలిచారు. 1970 తర్వాత ఈ పదవి రిపబ్లికన్లకు దక్కనే లేదు, అందుకే ఫలితం ఎవర్నీ ఆశ్చర్యపరచలేదు.

మిగతా పదవులకు డెమొక్రాట్లకే వేసిన నేను దీనికి మాత్రం చెన్‌కి వేశాను. అప్పట్లో రాష్ట్రం తన వార్షిక ఆర్థిక నివేదికను నెలల తరబడి ఆలస్యంగా విడుదల చేస్తోంది. గడువు దాటితే చిన్న ఊళ్లకు జరిమానా పడుతుంది, మరి రాష్ట్రం లెక్కలే ఆలస్యమైతే అడిగేదెవరు? చెన్ ఆ మాట పదే పదే ఎత్తారు. నా సహోద్యోగి ఒకామె కోహెన్‌కి వేసింది, బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ అనే రాష్ట్ర పన్నుల బోర్డులో పనిచేసిన అనుభవం ఉందని. అదీ సరైన కారణమే. ఇద్దరం ఆ పదవి చేయాల్సిన పని చూసే వేశాం.

ఇంకోటి ముఖ్యం. సొంత పార్టీవాళ్లకు ఎదురు నిలిచే ధైర్యం ఉందా? 2011లో జాన్ చియాంగ్ కంట్రోలర్. ఆయన డెమొక్రాట్, శాసనసభలో మెజారిటీ డెమొక్రాట్లదే. అయినా వాళ్లు ఆమోదించిన బడ్జెట్‌లో రాబడికీ ఖర్చుకీ పొంతన లేదని తేల్చి శాసనసభ్యుల జీతాలు ఆపేశారు. కంట్రోలర్‌కి ఆ అధికారం లేదని తర్వాత కోర్టు చెప్పింది, అది వేరే సంగతి. తన పార్టీ గవర్నర్‌నీ, తన పార్టీ సభనీ నొప్పించలేని మనిషి ఆ కుర్చీలో ఉంటే మన పన్ను డబ్బుకి కాపలా లేనట్టే.

కాబట్టి అభ్యర్థుల ఇంటర్వ్యూలు, చర్చలు చూసేటప్పుడు ఈ రెండూ గమనించండి: నివేదిక సకాలంలో తేవడానికి ఏంచేస్తారో వివరంగా చెబుతున్నారా, గవర్నర్‌తో తేడా వచ్చిన ఒక్క విషయమైనా పేరు పెట్టి చెప్పగలుగుతున్నారా? గర్భస్రావ హక్కులు, వలసల గురించి ఎంత బాగా మాట్లాడినా ఈ ఓటుకు లెక్కలోకి తీసుకోకండి. అవి కంట్రోలర్ చేతిలో ఉండే విషయాలు కావు.