ప్యాచ్ యాంటెనాలో పిన్ డయోడ్ ఆన్ చేసినా, ఆఫ్ చేసినా తేడా ఎందుకు కనిపించదు?

2.4 గిగాహెర్ట్జ్ ప్యాచ్ యాంటెనా (బోర్డుపై చదునైన రాగి రేకుతో చేసే యాంటెనా) చీలికపై పెట్టిన పిన్ డయోడ్‌కు (మైక్రోవేవ్ సిగ్నల్‌కు స్విచ్‌లా పనిచేసే డయోడ్) 5 వోల్టులు ఇచ్చినా, తీసేసినా నెట్‌వర్క్ ఎనలైజర్‌లో (యాంటెనా ఏ పౌనఃపున్యం వద్ద పనిచేస్తుందో గీసి చూపే పరికరం) గీత కదలడం లేదని, డయోడ్ కాలిపోయిందేమోనని మీరు అడిగారు. కాలిపోయి ఉండదనే నా అభిప్రాయం. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తూ నేనూ ఇదే అవస్థ పడ్డాను.

నా మొదటి తప్పు డయోడ్ ఎంపికలోనే జరిగింది. డాబాగార్డెన్స్‌లో అడిగిన దుకాణంలో పిన్ డయోడ్ లేకపోవడంతో, హ్యామ్ రేడియో వారు షార్ట్‌వేవ్ పౌనఃపున్యాల వద్ద మామూలు 4007 రెక్టిఫయర్‌నే పిన్ డయోడ్‌లా వాడుకుంటారన్న సంగతి గుర్తొచ్చి, దానినే తెచ్చి సోల్డర్ చేశాను. రివర్స్ బయాస్‌లో (డయోడ్ ఆగేలా వ్యతిరేక దిశలో వోల్టేజీ ఇచ్చినప్పుడు) దాని కెపాసిటెన్స్ సుమారు 15 పికోఫారడ్లు, 2.4 గిగాహెర్ట్జ్ వద్ద అది నాలుగైదు ఓమ్‌ల అవరోధం మాత్రమే కనుక, నేను ఆపాననుకున్న డయోడ్ నిజానికి ఎన్నడూ ఆగలేదు. అసలైన మైక్రోవేవ్ పిన్ డయోడ్‌లో ఇది 0.2 పికోఫారడ్ల వరకు ఉంటుంది, అంటే దాదాపు 330 ఓమ్‌లు. 50 ఓమ్‌ల లైనులో సిరీస్‌గా పెడితే అదైనా ఇచ్చే ఐసొలేషన్ (ఆఫ్‌లో సిగ్నల్‌ను అడ్డుకునే మేర) సుమారు 11 డెసిబెల్‌లే. అదే డయోడ్‌ను 10 గిగాహెర్ట్జ్‌కు తీసుకువెళితే 2 డెసిబెల్‌లకు పడిపోతుంది. అందుకే డేటాషీట్‌లో నేను ముందుగా చూసేది ఆఫ్ స్థితి కెపాసిటెన్స్‌నే.

సరైన డయోడ్ తెప్పించాక కూడా గీత కదలలేదు. చీలిక చుట్టూ ఉన్న రాగి ఒకే ముక్క కావడంతో డయోడ్ రెండు కొనలూ డీసీకి షార్ట్ అయ్యాయని, విద్యుత్తు డయోడ్‌ను వదిలి రాగి గుండా పోతోందని అప్పుడు గాని తెలియలేదు. సప్లైలో 10 మిల్లీఆంపియర్లు చక్కగా కనిపిస్తుండటమే నన్ను మోసం చేసింది. రాగిని సన్నగా కోసి, డీసీని ఆపి మైక్రోవేవ్‌ను పోనిచ్చేలా ఆ కోతపై చిన్న చిప్ కెపాసిటర్లు పెట్టిన తరువాతే రెజొనెన్స్ (యాంటెనా స్పందించే పౌనఃపున్యం) పక్కకు కదిలింది. బయాస్ తీగ (డయోడ్‌కు డీసీ తెచ్చే తీగ) వైపు మైక్రోవేవ్‌ను ఆపడానికి నేను చేత్తో చుట్టిన కాయిల్ ఈ పౌనఃపున్యం వద్ద కెపాసిటర్‌లా ప్రవర్తించింది కనుక దానిని తీసేసి, ఎఫ్ఆర్4 బోర్డు మీద సుమారు 18 మిల్లీమీటర్ల పావు తరంగదైర్ఘ్యపు సన్నని లైను, దాని చివర విసనకర్ర ఆకారపు స్టబ్ గీశాను.

సందేహం రావచ్చు: క్షణక్షణం దిశ మారే సిగ్నల్‌ను డయోడ్ రెక్టిఫై చేయదా, అంటే ఒక దిశలోనే పోనివ్వదా? 2.4 గిగాహెర్ట్జ్ వద్ద అర్ధచక్రం 0.2 నానోసెకన్లే; పిన్ డయోడ్‌లో పి, ఎన్ పొరల నడుమ ఉండే మధ్య పొరలో నిండిన ఆవేశవాహకాలు పదుల నుంచి వందల నానోసెకన్లు నిలిచి ఉంటాయి కాబట్టి, అంతలో వాటిని ఖాళీ చేయడం సిగ్నల్‌కు సాధ్యం కాదు. దానికి డయోడ్ ఒకటి రెండు ఓమ్‌ల రెసిస్టర్‌లాగానే కనిపిస్తుంది.

మీరు ముందు 390 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 5 వోల్టులు ఇచ్చి, మల్టీమీటర్‌ను నేరుగా డయోడ్ కొనల మధ్య పెట్టండి. 0.8 వోల్టుల దరిదాపుల్లో చూపితే బయాస్ అందుతున్నట్టే, అప్పుడు కెపాసిటెన్స్‌ను అనుమానించాలి. సున్నా చూపితే రాగిలో షార్ట్ వెతకాలి. ఆ కొలతతో పాటు డయోడ్ నంబరు కూడా ఇక్కడ రాయండి.